తాకట్టు కొట్టు చూపించకుండా తాకట్టు చెప్పడం: షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు ఒక ఎడిటర్ అనుభవం

పోయిన ఏడాది ఒక కుర్రాడు ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకుని యూసుఫ్‌గూడలో నా ఎడిట్ రూముకి వచ్చాడు. కథ చిన్నది. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కోసం తల్లి తన పుస్తెలతాడు తాకట్టు పెడుతుంది. కొడుక్కి చెప్పదు. చివర్లో వాడికి తెలుస్తుంది. దీనికోసం ఆ కుర్రాడు ఒక తాకట్టు కొట్టును అద్దెకు తీసుకుని సగం రోజు షూట్ చేశాడు. త్రాసు క్లోజప్, గీటురాయి మీద బంగారం గీసి చూడటం, రసీదు మీద సంతకం పెడుతున్న తల్లి చెయ్యి, ఆవిడ కళ్లలో నీళ్లు. అన్నీ శ్రద్ధగా తీశాడు. నేను రెండుసార్లు చూసి, "ఈ సీను మొత్తం తీసేద్దాం నాన్నా" అన్నాను. అతని ముఖం వాడిపోయింది. అంత కష్టపడి తీసింది వద్దంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఆ సీను తీసేసి, కథ మాత్రం పోకుండా ఎలా నిలబెట్టామో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నటన బాగాలేక చెడిపోయిన ఫిల్ములు నా టేబుల్ మీదకు కొన్నే వచ్చాయి. అంతా చూపించి, చూపించిందే మళ్లీ డైలాగులో చెప్పించి, దాని మీద వయొలిన్ పెట్టి పాడుచేసుకున్నవి చాలా వచ్చాయి. అలాంటప్పుడు చూసేవాడికి చెయ్యడానికి పనేమీ మిగలదు. మనసుకి పని లేనప్పుడు చెయ్యి ఫోన్ మీదకు పోతుంది.

మాది విజయనగరం. శ్రీరామనవమి పందిట్లో హరికథకి మా మామ్మ నన్ను తీసుకెళ్లేది. దాసుగారి దగ్గర ఉన్నదల్లా చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, మెడలో పూలదండ. దశరథుడు చీకట్లో బాణం వేసే ఘట్టం వచ్చింది. కుండలో నీళ్లు నిండుతున్న చప్పుడు ఆయన నోటితోనే చేసి, ఠక్కున ఆగిపోయారు. చిడతలు ఆగాయి, మృదంగం ఆగింది. ఆ నిశ్శబ్దంలో నాకు సరయూ నది కనిపించింది. ఏనుగు నీళ్లు తాగుతోందని రాజు ఎందుకు పొరబడ్డాడో కూడా అర్థమైంది, ఆ చప్పుడు నాకూ అలాగే వినిపించింది కాబట్టి. సినిమా తీసేవాళ్ల దగ్గర అంతకన్నా ఎన్నో పరికరాలున్నాయి. వాటితో ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేయకూడదని నేను ప్రతి ప్రాజెక్టులోనూ పోట్లాడుతూనే ఉంటాను.

ఏది వదలాలో తేల్చుకోండి

స్క్రిప్టు ప్రింట్ తీసి పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. పాత్ర తన మనసులో ఉన్నది తనే చెప్పేస్తున్న ప్రతి లైను కింద గీత గీయండి. "నీ చదువు కోసమేరా నా బాధంతా", "మనం పేదవాళ్లమని వాళ్లకి అలుసు", ఇలాంటివి. మా ఫిల్ములో ఎనిమిది పేజీలకి పదకొండు గీతలు పడ్డాయి. తొమ్మిది కొట్టేశాం. కథకి ఏమీ కాలేదు.

తర్వాత కథలో అతి పెద్ద క్షణం ఏదో చూడండి. ఆ క్షణం ప్రేక్షకుడి దగ్గర ముందే ఉందా అని అడగండి. ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. 1957 నాటి మాయాబజార్ గుర్తు తెచ్చుకోండి. సుభద్ర పుట్టింటికి రావడానికీ, శశిరేఖ పెళ్లి చెడడానికీ కారణం పాండవులు రాజ్యం పోగొట్టుకోవడం. అయినా పాండవులు తెరమీదకు రారు. మనకు భారతం తెలుసు, అందుకే వాళ్లు లేని లోటు తెలియదు. ఆ జాగా అంతా ఘటోత్కచుడికీ శశిరేఖకీ దక్కింది.

తాకట్టు కూడా అంతే. మన మధ్యతరగతి ఇళ్లలో బంగారం ఒక్కసారైనా గడప దాటి వెళ్లని ఇల్లు అరుదు. ఆ కొట్టు ఎలా ఉంటుందో, అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో చూసేవాళ్లకి తెలుసు. మీరు తీసే త్రాసు కన్నా వాళ్లమ్మ నిలబడిన కొట్టులోని త్రాసు వాళ్లకి పెద్దది. అందుకే ఆ సీను వదిలేయొచ్చు. అదే మీ కథలో పాత్ర పడవ ఇంజను బాగుచేసేవాడనుకోండి, ఆ పని చాలామంది చూసి ఉండరు. దాన్ని వదిలేస్తే ఊహించుకోవడానికి ముడిసరుకు ఉండదు. అప్పుడు ఓపిగ్గా చూపించండి.

ఒక్క ఫిల్ములో ఒక్క పెద్ద విషయమే వదలండి. మూడు నాలుగు వదిలితే చూసేవాడు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాడు, మనుషుల మీద నుంచి మనసు పోతుంది.

ఆధారం ముందే నాటండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సీను తీసేస్తారు, దాని బదులు ఏమీ పెట్టరు. ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన 'ఎమ్' లో ఒక చిన్నపాప హత్యకు గురవుతుంది. హత్య కనిపించదు. కానీ దానికి ముందే పాప బంతిని కొట్టుకుంటూ నడవడం చూశాం. చంపబోయే మనిషి ఆమెకి బెలూన్ కొనివ్వడం చూశాం. ఇంట్లో తల్లి కంచం పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది. ఖాళీ మెట్లు, ఖాళీ కంచం. తర్వాత పొదల్లోంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. బెలూన్ తీగలకి చిక్కుకుని కొట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి బయటికి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. ఆ బంతి ముందే పాప చేతిలో లేకపోతే, దొర్లే బంతికి అర్థమే లేదు.

మాకూ అలాంటి బంతి ఒకటి కావాలి. ఫుటేజ్ అంతా వెతికితే ఒక చోట దొరికింది. మొదటి ఉదయం తల్లి వంగి ఇడ్లీ వడ్డిస్తుంటే పుస్తెలు స్టీలు కంచం అంచుకి తగిలాయి. లొకేషన్‌లో రికార్డయిన సౌండులో టింగ్ అని సన్నగా వినిపించింది. ఎవరూ కావాలని చేసింది కాదు. దాన్నే పట్టుకున్నాం. ఒక పూట ప్యాచ్ వర్క్, అంటే తక్కువ పడిన షాట్లు మళ్లీ తీసుకోవడం, చేసి, కుళాయి దగ్గర వంగి బిందె ఎత్తేటప్పుడు కూడా అదే చప్పుడు వచ్చేలా ఇంకో షాట్ తీశాం. రెండుసార్లు చాలు. ఒక్కసారైతే ఎవరికీ గుర్తుండదు, మూడోసారి నాటితే "ఇది గమనించండి" అని వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది. రెండుసార్లూ పాత్ర వేరే పనిలో ఉండాలి, డైలాగు వేరే విషయం మీద నడుస్తుండాలి.

మూడో ఉదయం కంచం పక్కన డబ్బు కవరు ఉంటుంది. తల్లి వంగి వడ్డిస్తుంది. చప్పుడు రాదు. కొడుకు తలెత్తుతాడు.

కాగితం మీద ఇది చాలా బాగుందనిపించింది. మొదటిసారి ఐదుగురికి చూపించినప్పుడు ముగ్గురు ఏమన్నారో తెలుసా? "అయ్యో, నాన్న పోయాడా?" అన్నారు. నాలుగో ఆవిడ దొంగలు పడ్డారేమో అంది. తప్పు పూర్తిగా మాది. మెడ బోసిగా చూపించాం. తెలుగింట్లో పెళ్లయిన ఆడమనిషి మెడ బోసిగా కనిపిస్తే ఏమనుకుంటారో ఆ క్షణంలో మేమిద్దరం మరిచిపోయాం. మళ్లీ అరపూట ప్యాచ్ వర్క్. ఈసారి మెడలో పసుపు కొమ్ము కట్టిన పసుపు తాడు ఉంది. ఆవిడ పమిట సర్దుకుంటూ దాన్ని సగం కప్పేస్తుంది. పక్క గదిలోంచి తండ్రి దగ్గు వినిపిస్తుంది. ఆ రెండిటితో నాన్న బతికే ఉన్నాడని తేలిపోయింది, బంగారం ఎక్కడికి పోయిందో కూడా తేలిపోయింది.

కాబట్టి ప్రేక్షకుడికి వదిలే ముందు, అతను ఏ తప్పు జవాబుల వైపు వెళ్లగలడో రాసుకోండి. ఒక్కో తప్పు దారికీ ఒక్కో చిన్న అడ్డుకట్ట వేయండి. అవి ఎంత చిన్నవైతే అంత మంచిది. దగ్గు, చెప్పుల జత, గోడ మీద క్యాలెండర్ లాంటివి.

ఒక పక్క ఇవ్వండి, ఒక పక్క ఆపండి

బొమ్మ, శబ్దం అనే రెండు చేతులున్నాయి మనకి. రెండింటితోనూ ఒకటే విషయం అందించకండి. 1955 నాటి పథేర్ పాంచాలిలో, కూతురు చనిపోయిన సంగతి తెలియని తండ్రి ఊరినుంచి వచ్చి, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటీ తీసి చూపిస్తాడు. కూతురి కోసం తెచ్చిన చీర తల్లి చేతికి వచ్చినప్పుడు ఆవిడ కుప్పకూలిపోతుంది. ఆవిడ ఏడుపు మనకు వినిపించదు. ఆ చోట తారషెహనాయి అనే తీగవాద్యం పై స్వరంలో మోగుతుంది. ముఖం కనిపిస్తోంది, గొంతు మాత్రం మనలోంచి రావాలి. రవిశంకర్ గారి సంగీతం ఆ ఒక్క చోట చేసిన పని గురించి నేను క్లాసులో గంట చెప్పగలను.

దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఉంది. శబ్దం ఇచ్చి బొమ్మ ఆపడం. షార్ట్ ఫిల్ములకి ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఖర్చు తక్కువ. జనం ఉన్నారనడానికి జనం అక్కర్లేదు. తలుపు అవతల చెప్పులు విడుస్తున్న చప్పుడు, రెండు మూడు గొంతులు గుసగుసగా మాట్లాడుకోవడం చాలు. 1942లో తక్కువ బడ్జెట్‌లో తీసిన 'క్యాట్ పీపుల్' లో ఒకామె రాత్రి ఒంటరిగా నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వస్తూ వస్తూ ఆగిపోతుంది. ఇంకేదో మీద పడుతుందని మనం బిగపట్టుకుని ఉంటే, ఒక బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. మృగం కనిపించదు. భయమంతా మన చెవుల్లోనే తయారైంది.

ఇక్కడ దశరథుణ్ణి మరిచిపోకండి. ఆధారం లేని శబ్దం మంచి విలుకాణ్ణి కూడా తప్పు దారి పట్టిస్తుంది. ఏ చప్పుడైతే తర్వాత ఒంటరిగా వాడబోతున్నారో, దాన్ని ముందు ఒక్కసారైనా బొమ్మతో కలిపి చూపించండి. తండ్రి దగ్గుని కూడా మొదటి సీనులో ఆయన కనిపించేటప్పుడే ఒకసారి పెట్టాం.

షూటింగ్‌లో ప్రతి లొకేషన్‌లోనూ అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట ఉండే సహజమైన చప్పుడు, రికార్డు చేయండి. ఎంతమందికి చెప్పినా చెయ్యరు. ఎడిట్‌లో నిశ్శబ్దం కావాల్సి వచ్చినప్పుడు ట్రాక్ ఖాళీగా వదిలితే అది నిశ్శబ్దంలా వినిపించదు, స్పీకర్ పోయినట్టు వినిపిస్తుంది. మా మూడో ఉదయానికి ప్రాణం పోసింది ఆ వంటింటి రూమ్ టోనే. ఫ్యాన్ తిరుగుతోంది, దూరంగా కాకి అరిచింది, టింగ్ లేదు.

ఎడిట్‌లో ఎంతసేపు ఆగాలి

సెకనుకి 24 ఫ్రేములు. చప్పుడు రాని ఆ క్షణం తర్వాత కొడుకు ముఖం మీద ఎంతసేపు ఉండాలి అన్నదాని మీద మేము రెండు రాత్రులు కూర్చున్నాం. మొదట 14 ఫ్రేములు ఉంచాం. ఎవరికీ ఏమీ అందలేదు, ఏదో కట్ పొరపాటులా అనిపించింది. మూడు సెకన్లు ఉంచాం. అందరికీ అందింది, కానీ "చూశారా, చూశారా" అని గుచ్చినట్టుంది. చివరికి 42 ఫ్రేముల దగ్గర ఆగాం. అంటే సెకనుంముప్పావు. వాడి కళ్లు పైకి లేస్తాయి, తల్లి మెడ దగ్గర ఆగుతాయి, ముఖం మారడం మొదలయ్యేలోపు కట్. కొడుకు వేషం వేసిన కుర్రాడు ఆ తర్వాత నిజంగా చాలా బాగా ఏడ్చాడు, గ్లిజరిన్ కూడా వాడలేదు. ఆ షాట్ వాడలేదు. నటుడికి ఫోన్ చేసి నేనే చెప్పాను, ఎందుకు తీసేశామో. ఇలాంటివి నటుడికి ముందే చెప్పడం మర్యాద.

ఏడుపు వాడితే చూసేవాళ్లు వాడి ఏడుపు చూస్తారు. దానికి ముందు ఆపేస్తే తమ ఏడుపు తాము వెతుక్కుంటారు. ఇందుకే మీ నటులతో షూటింగ్‌లో డైలాగు అయిపోయాక కట్ చెప్పకుండా ఐదు సెకన్లు ఆగండి. ఎడిటర్‌కి ఆ ఐదు సెకన్లలోంచే ఇలాంటి 42 ఫ్రేములు దొరుకుతాయి. మాట్లాడేవాళ్లకన్నా వినేవాళ్ల ముఖాలు ఎక్కువ తీసుకోండి.

మ్యూజిక్ సంగతి. మొదటి కట్, అంటే మొదటిసారి కూర్చిన ఫిల్ము, అంతా మ్యూజిక్ లేకుండా చూడండి. నిలబడితే అప్పుడు ఆలోచించండి. మా ఫిల్ములో చివరి టైటిల్స్ దాకా మ్యూజిక్ లేదు.

ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. "మేడమ్, పాత సినిమాల్లో ముద్దు చూపించకుండా రెండు పువ్వులు ఆనించేవారు కదా, అది కూడా ఊహకి వదలడమే కదా?" అని అడుగుతుంటారు. అది కాదని నా అభిప్రాయం. పువ్వులంటే ముద్దు, దీపం కొండెక్కితే చావు. అందరికీ ఒకటే అర్థం తెలిసిపోయాక అందులో ఊహించడానికి ఏముంది? అదొక భాష, దానికి దాని గౌరవం ఉంది. కానీ కూచిపూడి భామాకలాపంలో సత్యభామ రాకముందు తెర మీదుగా జడ ఒక్కటే కనిపిస్తుంది చూడండి, ఊహంటే అదీ. ఆ జడ ఆవిడదే, ఆవిడలోని ఒక ముక్క. దాన్ని బట్టి ఆవిడ గర్వం, నడక, చూపు అన్నీ మనమే కట్టుకుంటాం. తెర దించాక ఆ కట్టుకున్నదానితో ఆవిడ పోటీ పడాలి. మీరూ గుర్తులు వెతక్కండి, ముక్క వెతకండి. తాకట్టుకి గుర్తుగా ఆరిపోతున్న పొయ్యి చూపించి ఉంటే మా ఫిల్ము చచ్చిపోయేది.

చూపించి అడగండి

స్క్రిప్టు చదవనివాళ్లు ఐదారుగురిని పిలవండి. సినిమావాళ్లు వద్దు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, కింద టిఫిన్ బండి ఆయన, ఇద్దరు కాలేజీ పిల్లలు, మా పెద్దమ్మ, ఇలా. చూశాక "ఎలా ఉంది?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఏం జరిగింది? కథ చెప్పండి" అనండి. మధ్యలో సరిదిద్దకండి, తల ఊపకండి. రాసుకోండి.

ఏం జరిగిందన్నది అందరూ ఒకేలా చెప్పాలి. అక్కడ తేడాలొస్తే మీరు వదల్లేదు, దాచారు. రెండో కట్ చూసిన ఆరుగురిలో ఐదుగురు "పుస్తెలు తాకట్టు పెట్టింది" అన్నారు, ఒకాయన అమ్మేసింది అన్నాడు. అది చాలు. ఆ తర్వాత ప్రశ్న మీద మాత్రం వేరువేరుగా మాట్లాడుకున్నారు. చివరి షాట్‌లో కొడుకు కాలేజీ ఫీజు కౌంటర్ క్యూలో కవరు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంటాడు. కడతాడా, తిరిగి వెళ్లిపోతాడా? కాలేజీ పిల్లలిద్దరూ తిరిగి వెళ్లిపోతాడన్నారు. వాచ్‌మన్ భార్య, "కట్టాల్సిందే, లేకపోతే ఆమె చేసింది దండగ కాదా" అని కోప్పడింది. మా పెద్దమ్మ వేరే మాట అంది. "ఆ కొట్టువాడు త్రాసులో పెట్టేటప్పుడు ఆవిడ అటు తిరిగి నిలబడుతుంది చూడు, అక్కడ నాకు దుఃఖం ఆగలేదు" అంది. త్రాసు, కొట్టు ఆ కట్‌లో లేవు. పెద్దమ్మకి రెండోసారి వేసి చూపించాలనిపించలేదు నాకు.

వదలకూడనివి

ఒక హెచ్చరిక. దౌర్జన్యం మీద తీసేటప్పుడు దెబ్బ చూపించక్కర్లేదు. ఆడపిల్ల మీద అఘాయిత్యం అసలు చూపించొద్దు, తలుపు మూసేయండి. కానీ ఆ తలుపు లోపలికి ఎవరు వెళ్లారన్నది స్పష్టంగా ఉండాలి. చేసినవాణ్ణి కూడా నీడలా, వెనకనుంచి భుజంలా చూపించి "ప్రేక్షకుడి ఊహకి వదిలాం" అనే ఫిల్ములు వస్తున్నాయి. చేసినవాడి ముఖాన్ని కాపాడుతున్నారు వాళ్లు. ఇలాంటి రెండు ప్రాజెక్టులు నేను ఒప్పుకోలేదు.

టైటిల్, థంబ్‌నెయిల్, సబ్‌టైటిల్స్

ఇంత చేసి చివర్లో పాడుచేసుకునేవాళ్లని చూశాను. మా ఫిల్ము పేరు మొదట 'తాకట్టు'. టెస్టు షోలకి పేరు లేకుండా చూపించాం కాబట్టి బతికిపోయాం. ఆ పేరుతో యూట్యూబ్‌లో పెడితే మొదటి టింగ్ దగ్గరే అంతా అయిపోయేది. 'టిఫిన్' అని మార్చాం. థంబ్‌నెయిల్‌గా తల్లి ఏడుపు ముఖం డిజైన్ చేసి తెచ్చారు, అది ఫిల్ములో లేని షాట్. బదులుగా స్టీలు కంచంలో మూడు ఇడ్లీలు పెట్టాం. కింద రాసే పరిచయంలో "త్యాగం" అనే మాట ఉంటే కొట్టేయించాను.

సబ్‌టైటిల్స్ దగ్గర ఒక కొత్త సమస్య వచ్చింది. చెవులు వినిపించనివాళ్లకి మా టింగ్ ఎలా అందుతుంది? వాళ్లకి వదలడానికి ముందు వాళ్లకి ఇవ్వాలి కదా. అందుకని తెలుగు సబ్‌టైటిల్స్‌లో మొదటి రెండుసార్లు 'పుస్తెలు తగిలిన చప్పుడు' అని అక్షరాలు వేశాం. మూడో ఉదయం 'ఫ్యాన్ చప్పుడు' అని వేశాం, తర్వాత 'కాకి అరుపు' అని. ఆవిడ వంగిన చోట కింద ఏమీ వేయలేదు.